ఇంగ్లీషు యాసలు ఎలా మారాయి? మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు ఉచ్చారణ గురించి మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. లండన్‌లో ఎక్కడో 'అసలు' ఇంగ్లీషు భద్రంగా ఉందని, మిగతావాళ్లు మాట్లాడేదంతా దానికి చెడిపోయిన నకలేనని. కింది ప్రశ్నల్లో సగం ఆ నమ్మకంలోంచి పుట్టినవే. తమాషా ఏమిటంటే, ఆ 'అసలు' కూడా ఏ వందేళ్లూ ఒకచోట నిలిచింది లేదు.

యాస, మాండలికం ఒకటేనా?

కాదు. మాట అదే అయి, పలికే తీరు మారితే యాస. మాటలు, వ్యాకరణం కూడా మారితే మాండలికం. ఇంగ్లండ్‌లో తొలి అచ్చుయంత్రం పెట్టిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక ముందుమాటలో ఒక సంగతి రాశాడు. థేమ్స్ నది మీద పడవలో వెళ్తున్న వర్తకులు గాలి లేక ఒడ్డున ఆగారు. వాళ్లలో ఒకడు ఒక ఇంటికి వెళ్లి 'ఎగ్గిస్' కావాలని అడిగాడు. ఆ ఇంటావిడ 'నాకు ఫ్రెంచి రాదు' అంది. అతనికి కోపం వచ్చింది, ఎందుకంటే అతనికీ రాదు. చివరికి ఇంకొకరు 'ఐరెన్' అని చెబితే ఆవిడకి అర్థమైంది, వీళ్లకి కావలసినవి గుడ్లని. ఇది మాండలికం గొడవ. కింద మనం మాట్లాడుకునేది ఎక్కువగా యాస గురించే.

ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి ఎందుకు?

ఒకప్పుడు రాసినట్టే పలికేవాళ్లు కాబట్టి! 600 ఏళ్ల కిందట 'నేమ్' అనే మాటని ఇంచుమించు 'నామ' అనేవారు. సంస్కృతం 'నామ'కీ దీనికీ మూలం ఒకటే, ఆ చుట్టరికం అప్పుడు చెవికే తెలిసేది. ఇప్పటి 'ఫీట్' అప్పుడు 'ఫేట్'. 'మూన్' అప్పుడు 'మోన్', అందుకే దానిలో రెండు 'ఓ' అక్షరాలు. 'హౌస్' అప్పుడు 'హూస్', 'మౌస్' అప్పుడు 'మూస్'. మన మూషికం గుర్తొచ్చిందా? అదీ ఆ చుట్టమే.

సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషులో దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. దీనికి 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అని పేరు పెట్టింది ఒట్టో యెస్పర్సన్ అనే డెన్మార్క్ పండితుడు. జరిగిన తీరు మాత్రం మన ఆర్టీసీ బస్సు వ్యవహారమే. కండక్టర్ 'జరగాలి, ముందుకి జరగాలి' అంటుంటే వెనకవాళ్లు ముందుకి నెట్టారు. 'ఆ' పోయి 'ఏ' చోట కూర్చుంది, 'ఏ' పోయి 'ఈ' చోట, 'ఓ' పోయి 'ఊ' చోట. ముందు తలుపు దగ్గర నిలబడ్డ 'ఈ', 'ఊ' ఇక జరగడానికి చోటు లేక దిగిపోయి 'ఐ', 'ఔ' అయ్యాయి. అలా 'తీమ' కాస్తా 'టైమ్' అయింది.

ఇదంతా నడుస్తున్న సమయంలోనే, 1476లో, కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు మొదలుపెట్టాడు. అచ్చులో స్పెల్లింగ్ గట్టిపడటం మొదలైంది, నోరు మాత్రం ఆగలేదు. మనకీ ఇది కొత్త కాదు. బండి ర ఉన్న గుఱ్ఱానికీ మామూలు ర ఉన్న గుర్రానికీ ఇప్పుడు నోట్లో తేడా లేదు. 'చలి', 'చక్రం' రెండూ ఒకే 'చ'తో రాస్తాం గానీ 'చలి'లో ఉన్నది వేరే చ అని నోటికి తెలుసు.

స్కాట్లాండ్‌లో ఇప్పటికీ 'హూస్' అంటారంటారు, నిజమేనా?

నిజమే. 'హూస్', 'మూస్', 'టూన్' అన్నీ బతికే ఉన్నాయి. ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాసిల్ ఫుట్‌బాల్ జట్టుని అభిమానులు 'ద టూన్' అనే పిలుస్తారు. అక్కడ 'ఓ' అప్పటికే వేరే దారిలో నాలుక ముందుభాగానికి వెళ్లిపోయింది. అంటే బస్సులో 'ఊ'ని వెనక నుంచి నెట్టేవాళ్లు లేరు, కాబట్టి అది దిగలేదు. మనం 'వాళ్లు వంకరగా మాట్లాడతారు' అనుకునేచోట నిజానికి వాళ్లు మాట మార్చకుండా ఉండిపోయారు.

'నైట్' అనే వీరుడికి ముందు 'కె' దేనికి?

అదీ పలికేవారు కాబట్టే. 'క్నిహ్ట్' లాగా, మధ్యలో విసర్గకి దగ్గరగా ఉండే గాలితో. 'కె' 17వ శతాబ్దంలో రాలిపోయింది. 'నో' అంటే తెలుసుకోవడం అనే మాటలో ఉన్న 'కె', మన 'జ్ఞానం'లో ఉన్న 'జ' అన్నదమ్ములు. వాళ్లు దాన్ని పూర్తిగా మింగేశారు, మనం 'గ్యానం' అంటూ సగం మింగాం.

అప్పట్లో రికార్డింగులు లేవు కదా, ఇవన్నీ ఎలా కనిపెట్టారు?

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చింది 1877లో. అంతకు ముందు సంగతికి సాక్ష్యాలు వేరే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తప్పుల సాక్ష్యం. పెద్దగా చదువుకోనివాళ్లు ఉత్తరాల్లో చెవికి వినిపించినట్టు రాసేస్తారు, పండితుడు దాచిపెట్టే నిజాన్ని వాళ్ల స్పెల్లింగు బయటపెడుతుంది. తర్వాత ప్రాసలు. షేక్‌స్పియర్ 'లవ్'కీ 'ప్రూవ్'కీ అంత్యప్రాస కట్టాడంటే ఆయన చెవికి అవి కలిసినట్టే. 'రీజన్' అన్న మాటతో కిస్‌మిస్ అని శ్లేష వేశాడు, ఎందుకంటే అప్పుడు రెండూ 'రేజన్' లాగే వినిపించేవి. ఇవి కాక, జాన్ హార్ట్ లాంటివాళ్లు 1569లోనే నాలుక ఎక్కడ పెట్టాలో వివరిస్తూ పుస్తకాలు రాశారు. వీటి ఆధారంగానే భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ సాయంతో లండన్ గ్లోబ్ థియేటర్‌వాళ్లు 2004లో షేక్‌స్పియర్ నాటకాన్ని ఆనాటి ఉచ్చారణతో ఆడారు.

రికార్డింగులు వచ్చాక కథే వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి పట్టుబడ్డ బ్రిటిష్ సైనికుల గొంతులని విల్‌హెల్మ్ డోగెన్ అనే ఆయన ఖైదీల శిబిరాల్లోనే రికార్డు చేయించాడు. ఒక్కొక్కరి చేత వాళ్ల ఊరి యాసలో బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ చెప్పించాడు. గ్రియర్సన్ మన దేశంలో భాషల సర్వే చేసినప్పుడు తెలుగుతో సహా అన్ని భాషల నమూనాలకీ ఇదే కథ ఎంచుకున్నాడు. యాసలు పోల్చడానికి ఒకే కథ ఉంటే సుఖం కదా. ఇంగ్లండ్‌లో ఆ తర్వాత పెద్ద పని లీడ్స్ యూనివర్సిటీ హెరాల్డ్ ఆర్టన్‌ది. 1950 నుంచి 1961 దాకా ఆయన మనుషులు 313 ఊళ్లు తిరిగి ముసలి రైతుల మాట పట్టుకొచ్చారు.

బ్రిటిష్‌వాళ్లదా, అమెరికన్లదా, ఏది అసలు ఇంగ్లీషు?

ఈ ప్రశ్నకి పందెం కట్టేవాళ్లు ఎక్కువగా బ్రిటన్ వైపు కడతారు. కనీసం 'ఆర్' విషయంలో ఓడిపోతారు.

'కార్', 'హార్డ్' లాంటి మాటల్లో ర పలకకుండా 'కా', 'హాడ్' అనడం ఇవాళ ఇంగ్లండ్ గుర్తు. కానీ 1607లో వర్జీనియాకీ, 1620లో మసాచుసెట్స్‌కీ ఓడలెక్కిన ఇంగ్లీషువాళ్లు ర పలికేవారు. షేక్‌స్పియరూ పలికేవాడు. ర పోవడం లండన్ చుట్టుపక్కల 18వ శతాబ్దంలో ఊపందుకుంది. 1791లో ఉచ్చారణ నిఘంటువు వేసిన జాన్ వాకర్, లండన్‌లో 'బార్డ్' అనే మాట 'బాడ్' అన్నట్టే వినిపిస్తోందని రాసిపెట్టాడు. అంటే అమెరికన్లు ర కొత్తగా చేర్చలేదు, ఇంగ్లీషువాళ్లే పారేసుకున్నారు. పారేసుకున్నాక లేనిచోట తెచ్చి పెట్టుకోవడం కూడా మొదలెట్టారు. 'లా అండ్ ఆర్డర్' ఇంగ్లండ్ నోట్లో చాలాసార్లు 'లా-రండ్ ఆర్డర్'.

ఇంగ్లండ్‌లోనే నైరుతి మూలన డెవన్, డార్సెట్, కార్న్‌వాల్ వైపు ర ఇంకా ఉంది, పెద్దవాళ్లలో ఎక్కువగా. సినిమాల్లో సముద్రపు దొంగలు 'ఆర్ర్' అని గుర్రుమంటారే, ఆ యాస ఇదే. 1950లో అలాంటి దొంగ వేషం వేసిన రాబర్ట్ న్యూటన్ పుట్టింది డార్సెట్‌లో. ఆయన మాట్లాడింది సొంత గడ్డ యాస, లోకం దాన్ని దొంగల భాష అనుకుంది.

అలాగని అమెరికా ఇంగ్లీషు పాతదాన్ని సీసాలో పెట్టి దాచిందనుకోకండి. అక్కడా బోలెడు మారాయి.

అమెరికాలో కూడా ర వదిలేసేవాళ్లు ఉన్నారంటారు?

ఉన్నారు, ఒకప్పుడు అదే హోదా. బోస్టన్, న్యూయార్క్, ఛార్ల్‌స్టన్ లాంటి రేవు పట్నాలకి లండన్‌తో రాకపోకలు ఎక్కువ, అక్కడి ఫ్యాషన్లతోపాటు ఈ ర లేని ఉచ్చారణా దిగుమతి అయింది. ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933 ప్రసంగంలో 'ఫియర్' అనే మాట వినండి, 'ఫియ' అనే వినిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాలి తిరిగింది. ర పలకడమే మర్యాద అయింది.

దీన్ని పట్టుకున్న తీరు భలేగా ఉంటుంది. 1962లో విలియం లబోవ్ అనే భాషావేత్త న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలకి వెళ్లాడు. ఒకటి డబ్బున్నవాళ్లది, ఒకటి మధ్యతరగతిది, ఒకటి చవక సరుకుది. నాలుగో అంతస్తులో దొరికే వస్తువేదో చూసుకుని, అది ఎక్కడుందని గుమాస్తాలని అడిగాడు. జవాబు 'ఫోర్త్ ఫ్లోర్', రెండు మాటల్లోనూ ర. వినపడనట్టు నటించి మళ్లీ చెప్పించుకున్నాడు, పక్కకి వెళ్లి రాసుకున్నాడు. 264 మందిని ఇలా అడిగాడు. ఎక్కడో ఒకచోటైనా ర పలికినవాళ్లు ఖరీదైన దుకాణంలో 62 శాతం, మధ్యదానిలో 51, చవకదానిలో 20. ఒకే ఊరు, ఒకే భాష. అమ్మే సరుకు ధరని బట్టి ర పెరుగుతోంది. అదే ర లండన్‌లో పలికితే పల్లెటూరివాడు! ఒక ధ్వనికి సొంతంగా ఏ గొప్పా లేదనడానికి నాకు ఇంతకన్నా మంచి రుజువు దొరకలేదు.

'బాత్' అనాలా, 'బ్యాత్' అనాలా?

ఇంగ్లండ్ దక్షిణాన 'బాత్', ఉత్తరాన పొట్టిగా 'బ్యత్', అమెరికాలో 'బ్యాత్'. లాగి పలకడం దక్షిణంలో 18వ శతాబ్దంలో పెరిగింది. అప్పట్లో వాకర్ దాన్ని నాటుగా ఉందన్నాడు. ఇప్పుడు అదే దొరల పలుకు. 'కప్', 'బస్' కూడా ఇంతే. ఉత్తరాన ఇప్పటికీ 'కుప్', 'బుస్' అంటారు, పాతది అదే. 'కప్' అన్నది దక్షిణంలో 17వ శతాబ్దంలో విడిపోయిన కొత్త శాఖ. లీడ్స్‌లో చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదటి వారం కంగారుపడేది ఇక్కడే. తెలుగులో 'బస్సు' అని నేర్చుకుని వెళ్తే డ్రైవరు 'బుస్' అంటాడు.

మరి బీబీసీ ఇంగ్లీషు, రాణిగారి ఇంగ్లీషు అంటారే, అదేమిటి?

దానికి పండితులు పెట్టిన పేరు 'రిసీవ్డ్ ప్రొనన్సియేషన్'. ఇక్కడ రిసీవ్డ్ అంటే నలుగురూ ఒప్పుకున్నది అని అర్థం. ఆ నలుగురూ ఎవరన్నదే ప్రశ్న. డేనియల్ జోన్స్ 1917లో వేసిన ఉచ్చారణ నిఘంటువులో దాన్ని 'పబ్లిక్ స్కూల్ ప్రొనన్సియేషన్' అన్నాడు. పబ్లిక్ అంటే మన సర్కారు బడి కాదు, డబ్బున్నవాళ్ల పిల్లలు హాస్టల్లో ఉండి చదివే ఖరీదైన బడి. అది ఏ ఊరి యాసా కాదు, ఒక వర్గం యాస. 1926లో పేరు మార్చాడు, వర్గం మారలేదు. 1970ల్లో భాషావేత్త పీటర్ ట్రడ్‌గిల్ వేసిన అంచనా ప్రకారం అలా మాట్లాడేవాళ్లు ఇంగ్లండ్‌లో సుమారు 3 శాతమే.

1922లో పుట్టిన బీబీసీ ఈ 3 శాతం గొంతుని రేడియోలో ఇంటింటికీ చేర్చింది. ఏ మాట ఎలా పలకాలో తేల్చడానికి 1926లో ఒక కమిటీ వేసింది. మొదట కవి రాబర్ట్ బ్రిడ్జెస్, తర్వాత నాటకకర్త బెర్నార్డ్ షా దానికి అధ్యక్షులు. షా ఐర్లండ్ మనిషి, పుట్టింది డబ్లిన్‌లో. ఇంగ్లీషువాళ్లకి ఇంగ్లీషు పలకడం చెప్పే కుర్చీలో ఆయన కూర్చోవడం కాలం వేసిన జోకు.

1941లో యుద్ధం మధ్యలో బీబీసీ యార్క్‌షైర్‌వాడు విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత జాతీయ వార్తలు చదివించింది. జర్మన్లు దొంగ ప్రసారాలు చేస్తే ఈ యాసని అనుకరించలేరన్నది ఒక ఆలోచన. ఆయన ఉత్తరాదివాళ్లకి 'గుడ్ నీట్' అని ముగించేవాడు. కొందరు శ్రోతలు మండిపడ్డారు, ఆ యాసలో చదివితే వార్తలు నమ్మబుద్ధి కావడం లేదన్నారు. నాకిది చదివినప్పుడల్లా మన సినిమాలు గుర్తొస్తాయి. చాలా ఏళ్లు తెలంగాణ యాస హాస్యగాడికీ రౌడీకీ, కోస్తా భాష హీరోకీ.

రాణిగారి సంగతి ఇంకా ముచ్చట. సిడ్నీలో మాక్వారీ యూనివర్సిటీకి చెందిన జోనథన్ హారింగ్టన్, ఆయన సహచరులు ఎలిజబెత్ రాణి క్రిస్మస్ ప్రసంగాలని, 1950ల నాటివీ 1980ల నాటివీ, అచ్చు అచ్చుగా కొలిచారు. 2000లో 'నేచర్' పత్రికలో ఫలితం వచ్చింది. మొదట్లో ఆవిడ 'హ్యాట్' దాదాపు 'హెట్' లాగా ఉండేది. 30 ఏళ్లలో ఆవిడ అచ్చులు మామూలు దక్షిణ ఇంగ్లండ్ జనం వైపు జరిగాయి. పూర్తిగా కలవలేదు, కానీ జరిగాయి. రాణిగారి ఇంగ్లీషు రాణిగారి దగ్గరే నిలవలేదు.

లివర్‌పూల్ యాస పక్క ఊళ్లకన్నా అంత వేరుగా ఎందుకుంటుంది?

రేవు కాబట్టి. 1840ల్లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు వేలాదిమంది అక్కడ దిగారు. లాంకషైర్ మాట మీద ఐరిష్ మాట పడి, వేల్స్‌వాళ్లదీ కలిసి 'స్కౌస్' తయారైంది. ఆ పేరు నావికులు తినే ఒక మాంసం కూర పేరు. 1960ల్లో బీటిల్స్ ఆ గొంతుని లోకమంతా వినిపించారు.

టీవీ, ఇంటర్నెట్ వల్ల అందరూ ఒకేలా మాట్లాడటం లేదా?

అందరూ ఇలాగే ఊహిస్తారు, సగమే నిజం. పల్లె యాసలు పలచబడ్డాయి. ఆర్టన్ మనుషులు రికార్డు చేసిన రైతుల్లాగా వాళ్ల మునిమనవలు మాట్లాడరు. కానీ కారణం ఎక్కువగా టీవీ కాదు, జనం కదలడం. 1967లో కొత్తగా కట్టాలని నిర్ణయించిన మిల్టన్ కీన్స్ ఊళ్లో పాల్ కెర్స్‌విల్ అనే భాషావేత్త పిల్లల మాట విన్నాడు. వాళ్లది అమ్మానాన్నల యాస కాదు, పాత ఊరివాళ్లదీ కాదు. బడిలో తోటిపిల్లలతో కలిసి కొత్తది తయారుచేసుకున్నారు.

నగరాల్లో అయితే కొత్తవి పుడుతున్నాయి. తూర్పు లండన్‌లో అక్కడి పాత యాస కాక్నీ మాట్లాడే కుటుంబాలు చాలావరకు ఎసెక్స్ వైపు వెళ్లిపోయాయి. ఆ వీధుల్లో కరీబియన్, ఆఫ్రికా, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలు కలిసి ఇంకో లండన్ యాస పుట్టించారు. అమెరికాలో షికాగో, డెట్రాయిట్ చుట్టుపక్కల 20వ శతాబ్దంలో ఇంటింటా టీవీ మోగుతుండగానే అచ్చులు మళ్లీ బస్సెక్కి జరిగాయి. ఇప్పటి కుర్రాళ్లు మళ్లీ వెనక్కి వస్తున్నారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్?

అవీ కలగాపులగంలోంచి పుట్టినవే. న్యూజిలాండ్‌వాళ్లకి ఒక అదృష్టం ఉంది. 1946 నుంచి 1948 వరకు రేడియోవాళ్లు బండిలో ఊరూరా తిరిగి ముసలివాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేశారు. వాళ్లలో 1850ల్లో పుట్టినవాళ్లూ ఉన్నారు. ఒక యాస పుట్టుక దాదాపు మొదటి నుంచీ వినగలిగే చోటు అది.

'ఆఫెన్' అంటే రైటా, 'ఆఫ్టెన్' అంటే రైటా?

మా హైస్కూల్ మాస్టారు 'ఆఫ్టెన్' అన్నవాడిని బెంచీ ఎక్కించేవారు. పాపం ఆయన తప్పు చెప్పలేదు, సగం కథ చెప్పారు. మొదట 'టి' ఉండేది, తర్వాత పోయింది, అందరూ చదువుకుని స్పెల్లింగ్ చూశాక మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, అమెరికాలో రెండూ వినిపిస్తాయి. నుదురు అనే అర్థంలో 'ఫోర్‌హెడ్' కూడా అంతే, పాతకాలపు దొరలు దాన్ని 'ఫారిడ్' అనేవారు. రాత నోటిని ఇలా వెనక్కి లాగడం మామూలే.

మరి మన తెలుగువాళ్ల ఇంగ్లీషు యాస తప్పా?

అది తెలుగు అచ్చుల మీద నిలబడ్డ ఒక ప్రాంతీయ యాస. మాట మొదట 'ఎ' వస్తే మనకి 'య' చేరుతుంది. అది రాతలోకి కూడా ఎక్కింది. పాత పేపర్లలో యన్.టి.ఆర్., యం.ఎల్.ఏ. చూడండి. మాట చివర 'ఉ' చేర్చి కారు, బస్సు అంటాం. ర మాత్రం శుభ్రంగా పలుకుతాం, స్పెల్లింగులో ఉంది కాబట్టి.

హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది, ఇప్పుడది ఇఫ్లూ యూనివర్సిటీ. మన కాలేజీల్లో ఫొనెటిక్స్ పేపరంటే చాలా ఏళ్లు డేనియల్ జోన్స్ బాటే. నేనూ ఆ గుర్తులు బట్టీ పట్టినవాణ్ణే. మేం కష్టపడి 'ఎ' సరిచేసుకుంటున్న రోజుల్లోనే రాణిగారు తన 'ఎ' మార్చుకుంటున్నారని ఎవరూ చెప్పలేదు!

యాస మార్చుకోనక్కర్లేదు గానీ, ఎదుటివాళ్లకి అర్థం కాకుండా చేసేవి ఒకటి రెండు సరిచేసుకుంటే ఫోన్ ఇంటర్వ్యూల్లో టెన్షన్ తగ్గుతుంది. 'పిన్', 'టెన్', 'కాల్' మొదటి అక్షరం దగ్గర ఇంగ్లీషువాళ్లు కొంచెం గాలి వదులుతారు. మనం వదలం. అందుకే మన 'పిన్' వాళ్లకి ఒక్కోసారి 'బిన్' అని వినిపిస్తుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని పలికి చూసుకోండి, గాలి తగలాలి. రెండోది, మాటలో ఏ భాగం నొక్కాలన్నది. 'డెవలప్'లో నొక్కు 'వె' మీద, 'హోటల్'లో 'టె' మీద. ర ఎలా పలికారన్నదానికన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది.

మా అమ్మాయి టెక్సస్‌లో పెరుగుతోంది. 'పెన్' అన్నా 'పిన్' అన్నా ఒకేలా పలుకుతోంది. స్పీచ్ థెరపీ కావాలా?

అక్కర్లేదు. అమెరికా దక్షిణాన 'న్', 'మ్' ముందు 'ఎ', 'ఇ' కలిసిపోయాయి. 19వ శతాబ్దం చివర నుంచి ఇది పాకుతూ వచ్చింది. 'టెన్' 'టిన్' అవుతుంది, 'జెమ్' 'జిమ్' అవుతుంది. పిల్లలకి యాస వచ్చేది మీ దగ్గర నుంచి కాదు, బడిలో పక్క బెంచీ నుంచి. మీ అమ్మాయి అక్కడిదైపోయింది, అంతే. తను అడుగుతున్నది పెన్నో పిన్నీసో తేలకపోతే అక్కడివాళ్లు చేసే పనే చేయించండి. వాళ్లు పెన్ను కావాలంటే 'ఇంక్ పెన్' అని అడుగుతారు.